యుద్ధకాలపు జ్ఞాపక వస్తువులా, పాత సైనిక బొమ్మలా: ఏ సేకరణ ఎవరికి తగినది?

యుద్ధకాలపు వస్తువులు సేకరించాలన్న కోరిక కలిగిన వారిలో చాలామంది మొదట అడిగేది "వీటిలో ఏది ఎక్కువ విలువ చేస్తుంది?" అని. ఆ జవాబు మార్కెట్టును బట్టి మారిపోతుంది. అంతకంటే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది. చేతిలో ఉన్న వస్తువు తానేమిటో తనంతట తాను ఎంతవరకు చెప్పగలదు? పతకం అంచు మీద ఒత్తిన పేరు, బొమ్మ అడుగున తయారీదారు ముద్ర, కవరు మీద పడిన తపాలా తేదీ, హెల్మెట్ అంచు మడిచిన తీరు, ఇవన్నీ వస్తువు ఇచ్చే సాక్ష్యాలు. "మా తాతగారు ఫ్రాన్స్ యుద్ధరంగం నుంచి తెచ్చారు" అన్నది అమ్మేవారు చెప్పే మాట. ఆ మాట నిజమే కావచ్చు. అయినా రేపు మీరు దాన్ని మరొకరికి చూపించినప్పుడు మీ దగ్గర మిగిలేది వస్తువు మాత్రమే. అందుకే ఒక్కో రకాన్నీ ఇక్కడ ఒకే కొలబద్దతో కొలిచాను: సాక్ష్యం వస్తువులో ఎంత ఉంది, అమ్మేవారి మాటలో ఎంత ఉంది.

యుద్ధంలో వాడినవి, యుద్ధాన్ని చూసి చేసినవి

సేకరణకు రెండు పెద్ద దారులున్నాయి. యుద్ధంలో నిజంగా వాడిన, ఇచ్చిన, రాసిన వస్తువులు ఒక దారి: పతకాలు, హెల్మెట్లు, ఉత్తరాలు, పోస్టర్లు, రేషన్ పుస్తకాలు. సైన్యాన్ని చూసి పిల్లల కోసం చేసిన బొమ్మలు రెండో దారి: సీసపు సైనికులు, రేకు ట్యాంకులు, జింకు లారీలు, ప్లాస్టిక్ దళాలు.

ఈ రెంటికీ కావలసిన నైపుణ్యాలు వేరు. మొదటి దారిలో వస్తువు ఎవరిది, ఎక్కడ తిరిగింది అన్నదే ప్రాణం. కాబట్టి పాత దస్త్రాలు వెతికే ఓపిక కావాలి. మెరుపు తగ్గి, రిబ్బను చిరిగిన పతకమైనా పేరు చదవగలిగితే దాని ఆసక్తి తగ్గదు. రెండో దారిలో ఎవరు చేశారు, ఏ కాలంలో చేశారు, ఎంత చెక్కుచెదరకుండా ఉంది అన్నవే ముఖ్యం. అక్కడ కంటికీ చేతికీ పని. రంగు సగం పోయిన సీసపు సైనికుడి ధర ఒక్కసారిగా పడిపోతుంది.

మోసం తీరు కూడా వేరు. యుద్ధ వస్తువులకు కథ అతికిస్తారు, ముద్ర అతికిస్తారు, లేదా మొత్తం కొత్తగా తయారుచేస్తారు. బొమ్మలకు మళ్లీ రంగు వేస్తారు, విరిగిన చేతులు మారుస్తారు, పాత బొమ్మను అచ్చుగా వాడి కొత్తది పోస్తారు. బొమ్మల మోసం నేర్చుకుంటే పట్టుకోగలిగేది. ఎందుకంటే అవి వేలల్లో తయారై అమ్ముడైనవి, పోల్చి చూసుకోవడానికి కంపెనీల పాత కేటలాగులు, నిజమైన నమూనాలు దొరుకుతాయి. ఒక సైనికుడి సంచిలో ఉన్న ఒకే ఒక్క వస్తువుకు అలాంటి తోడు దొరకదు.

పతకాలు: పేరున్నవి ముందు

మొదటి ప్రపంచ యుద్ధపు బ్రిటిష్ పతకాలు సాక్ష్యం విషయంలో అన్నిటికన్నా ఉదారమైనవి. వెండితో చేసిన బ్రిటిష్ వార్ మెడల్, కంచుతో చేసిన విక్టరీ మెడల్ రెంటి అంచు మీదా సైనికుడి సంఖ్య, హోదా, పేరు, దళం ఒత్తి ఉంటాయి. నక్షత్రాకారపు పతకాలైన 1914 స్టార్, 1914–15 స్టార్లకు ఈ వివరాలు వెనుకవైపు ఉంటాయి. ఆ నాలుగు వివరాలతో లండన్‌లోని క్యూ ప్రాంతంలో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్ పతక సూచిక కార్డుల్లో మనిషిని వెతకవచ్చు. పూర్తి సేవా దస్త్రం కూడా దొరుకుతుందని మాత్రం ఆశ పెట్టుకోకూడదు. 1940 సెప్టెంబరు బాంబుదాడిలో మొదటి యుద్ధపు సైనికుల సేవా దస్త్రాల్లో సుమారు 60 శాతం కాలిపోయాయి. అమెరికన్ సైనికుల విషయంలోనూ ఇలాంటి నష్టమే జరిగింది. 1973లో సెయింట్ లూయిస్‌లోని దస్త్రాల కేంద్రంలో చెలరేగిన మంటల్లో 1 కోటి 60 లక్షల నుంచి 1 కోటి 80 లక్షల ఫైళ్లు నాశనమయ్యాయి. దస్త్రమే లేని సైనికుడికి పతకం అంచున ఉన్న ఆ ఒక్క వరుస ఎంత పెద్ద ఆధారమో దీన్నిబట్టి తెలుస్తుంది.

రెండో ప్రపంచ యుద్ధానికి వచ్చేసరికి పరిస్థితి తలకిందులవుతుంది. బ్రిటిష్ దళాలకు ఆ యుద్ధపు స్టార్లను, పతకాలను పేరు లేకుండానే ఇచ్చారు. ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా దళాలకు పేరు వేసి ఇచ్చారు. కాబట్టి పేరులేని నాలుగు స్టార్లను ఒక పట్టీకి గుచ్చి "ఇవి ఫలానా పైలట్ గారివి" అని ఎవరైనా అంటే, పక్కన పతకాల పెట్టె, చిరునామా ఉన్న కవరు, సేవా పుస్తకం లాంటి కాగితం ఉండాలి. అవి లేకపోతే నాలుగు విడి స్టార్లకు ఇచ్చే ధరే ఇవ్వండి, ఆ పేరుకు అదనంగా ఒక్క రూపాయి కూడా ఇవ్వవద్దు. ఇక్కడ ఉపయోగపడే చిన్న గుర్తు ఒకటుంది: 1939–45 వార్ మెడల్ బ్రిటన్‌లో రాగి, నికెల్ మిశ్రమంతో చేసినది, కెనడా తన సైనికులకు ఇచ్చినది వెండిది.

పేరున్న పతకాల్లోనూ ఒక మోసం ఉంది. అంచును అరగదీసి వేరే పేరు చెక్కుతారు. మొదటి యుద్ధపు వార్ మెడల్, విక్టరీ మెడల్ రెండూ గుండ్రనివే, వాటి వ్యాసం 36 మిల్లీమీటర్లు. కాలిపర్స్‌తో నాలుగైదు చోట్ల కొలిచి చూడండి. ఒక చోట తగ్గినా, అక్షరాలు ఒత్తినట్టు కాక గీసినట్టు కనిపించినా ఆగిపోవాలి.

మొదటి యుద్ధంలో చనిపోయిన వారి కుటుంబాలకు ఇచ్చిన కంచు స్మారక ఫలకాన్ని చాలామంది పతకంతో సమానంగా చూస్తారు. సుమారు 120 మిల్లీమీటర్ల వ్యాసం, సింహం, బ్రిటన్‌కు ప్రతీకైన స్త్రీమూర్తి బ్రిటానియా బొమ్మలతో అది గంభీరంగా ఉంటుంది. అలాంటివి 13 లక్షలకు పైగా తయారయ్యాయి. మరణంలో అందరూ సమానమని హోదా వేయలేదు, సంఖ్య, దళం కూడా వేయలేదు, పేరు మాత్రమే ఉంటుంది. అరుదైన పేరైతే 1917లో ఏర్పడిన కామన్‌వెల్త్ సమాధుల కమిషన్ జాబితాలో ఒక్క మనిషే తగులుతాడు. జాన్ స్మిత్ లాంటి పేరైతే వందల మందిలో ఎవరిదో ఎప్పటికీ తేలదు. ఒకే ధరకు ఈ రెండూ ఎదురుగా ఉంటే, అరుదైన పేరున్న ఫలకాన్ని తీసుకోవచ్చు. సాధారణమైన పేరైతే పతకమే మేలు. స్త్రీల పేరుతో ఇచ్చినవి సుమారు 600 మాత్రమే ఉంటాయి కనుక వాటికి నకళ్లు వస్తాయని గుర్తుంచుకోవాలి.

జర్మన్ ఐరన్ క్రాస్ మీద కొత్తవారికి ఎక్కడలేని మోజు. దాని మీద ఉండే 1813, 1870, 1914, 1939 సంవత్సరాలు ఏ యుద్ధానిదో చెబుతాయి. మంచిదైతే మధ్యలో నల్లరంగు వేసిన ఇనుప ముక్క, చుట్టూ రెండు వెండి చట్రాలు, మొత్తం మూడు భాగాలు అతికి ఉంటాయి. అయస్కాంతం మధ్యభాగానికి అంటుకోవాలి, చట్రం అంచున భూతద్దంతో చూస్తే అతుకు గీత కనబడాలి. ఒకే ముక్కగా పోసిన నాసిరకం నకళ్లు ఈ పరీక్షలో ఓడిపోతాయి. మూడు భాగాలుగా చేసిన మంచి నకళ్లు మాత్రం గట్టెక్కేస్తాయి, ఇబ్బంది అక్కడే. పైగా నాజీ చిహ్నమున్న వస్తువులను బహిరంగంగా ప్రదర్శించడం జర్మనీ శిక్షాస్మృతి 86ఏ సెక్షన్ కింద నేరం, చదువు, పరిశోధన, కళ వంటి మినహాయింపులున్నా సరే. చాలా అమ్మకపు సైట్లు కూడా వీటిని ఒప్పుకోవు. ఆ పాలన చేసిన దారుణాలను గుర్తుపెట్టుకోవడానికి మ్యూజియంలు ఉన్నాయి. ఇంట్లో అల్మారా అలంకరించడానికి ఆ చిహ్నాన్ని కొనడం నాకు సమ్మతం కాదు, కొత్తవారికి లాభసాటి కూడా కాదు. అమెరికాలో మెడల్ ఆఫ్ ఆనర్‌ను అమ్మడమే చట్టవిరుద్ధం. దాన్ని అమ్మజూపేవారి దగ్గర ఇంకేదీ కొనవద్దు.

హెల్మెటా, ఉత్తరాల కట్టా?

హెల్మెట్ చూడగానే ఆకట్టుకుంటుంది, చేతిలో బరువుగా ఉంటుంది. దాని లోహపు డొప్ప బాగానే మాట్లాడుతుంది కూడా. జర్మన్ హెల్మెట్లలో 1935 నమూనాకు అంచు లోపలికి మడిచి ఉంటుంది, గాలి రంధ్రానికి విడిగా బిగించిన రింగు ఉంటుంది. 1940 నమూనాలో ఆ రింగు పోయి రంధ్రం డొప్పలోనే ఒత్తి ఉంటుంది. 1942లో ఖర్చు తగ్గించడానికి అంచు మడవడమే మానేశారు. అమెరికన్ ఎం1 హెల్మెట్‌కు గడ్డం పట్టీ కొక్కేలు మొదట కదలకుండా అతికినవి, 1943 చివరి నుంచి కదిలేవి. అంచు చుట్టూ ఉన్న పట్టీ అతుకు 1944 చివరిదాకా ముందువైపు, ఆ తరువాత వెనుకవైపు ఉంటుంది. బ్రిటిష్ బ్రోడీ హెల్మెట్ 1915లో వచ్చింది. తొలివాటికి అంచు వట్టిగా, పదునుగా ఉండేది, 1916 నుంచి పట్టీ చుట్టారు.

ఇంతవరకు బాగుంది. చిక్కంతా డొప్ప మీద వేసిన రంగులోనూ గుర్తులోనూ ఉంది. సాదా హెల్మెట్‌కు ఒక దళపు గుర్తు అంటించగానే ధర ఎన్నో రెట్లవుతుంది. మోసగాళ్లు పెట్టే కష్టమంతా ఆ చిన్న గుర్తు మీదే. కాబట్టి హెల్మెట్ కావాలనుకునేవారు ఏ గుర్తూ లేనిది, తోలు లైనింగు పాతదే ఉన్నది తీసుకోవడం మంచిది. లైనింగు కుట్టుదారాన్ని అతినీలలోహిత టార్చి వెలుగులో చూడండి. పాలిస్టర్ దారం, కాంతి పెంచే రసాయనాలున్న బట్ట నీలంగా మెరుస్తాయి. ఈ రసాయనాలు సుమారు 1950 తరువాతే వాడుకలో విస్తరించాయి. అయితే ఆధునిక సబ్బుపొడితో ఉతికిన పాత గుడ్డ కూడా మెరుస్తుంది కనుక ఆ ఒక్క పరీక్షతో తీర్పు ఇచ్చేయకూడదు.

ఇప్పుడు కాగితం వైపు రండి. కొత్తవారికి నేను ముందుగా చెప్పేది ఇదే: ఉత్తరాలు, ఫీల్డ్ పోస్ట్‌కార్డులు, రేషన్ పుస్తకాలు, సెలవు పత్రాలు. చోటు తక్కువ పడతాయి, చవక, పైగా తమ గురించి తామే చెబుతాయి. కవరు మీద తేదీ, క్షేత్ర తపాలా కార్యాలయం సంఖ్య, సెన్సారు ముద్ర, చదివి వదిలిన అధికారి సంతకం, అన్నీ ఒకదానికొకటి సాక్ష్యం పలుకుతాయి. యుద్ధరంగం పేరు రాయకూడదన్న నిబంధన వల్ల లోపలి ఉత్తరంలో "ఎక్కడో ఒక చోట" అని ఉంటుంది. ఆ చోటు ఏదో కవరు మీది సంఖ్య చెబుతుంది. బ్రిటిష్ వారి ఎయిర్‌గ్రాఫ్ 1941లో, అమెరికన్ల వి-మెయిల్ 1942 జూన్‌లో మొదలయ్యాయి. విమానాల్లో బరువు ఆదా చేయడానికి ఉత్తరాన్ని సూక్ష్మ ఫిల్ముగా తీసి పంపి, అవతల ఒడ్డున చిన్న ఫోటోగా ముద్రించి అందించేవారు. అరచేతిలో ఇమిడే ఆ ఫోటో ఉత్తరం ఆనాటి రవాణా కష్టాన్ని ఏ పుస్తకం చెప్పనంత సూటిగా చూపిస్తుంది. ఒక సైనికుడు ఇంటికి రాసిన ముప్పై ఉత్తరాల కట్టను నకిలీ చేయాలంటే పట్టే శ్రమకు తగిన డబ్బు రాదు. ఇలాంటి భద్రత మరే రకంలోనూ లేదు. అలాంటి కట్ట దొరికితే విడగొట్టి అమ్మే ప్రలోభానికి లొంగవద్దు, వరుస చెదిరితే ఆ మనిషి కథ కూడా చెదిరిపోతుంది.

కాగితంలో పోస్టర్లు మాత్రం వేరు జాతి. నిబ్బరంగా ఉండి పని సాగించమని బ్రిటన్ ప్రభుత్వం ప్రజలకు చెప్పదలచిన "కీప్ కామ్ అండ్ క్యారీ ఆన్" పోస్టర్‌నే తీసుకోండి. 1939లో సుమారు 24.5 లక్షల ప్రతులు అచ్చయినా, ప్రజల ముందుకు దాదాపుగా రాకుండానే ఎక్కువ భాగం గుజ్జుగా మారిపోయాయి. 2000లో ఇంగ్లండ్‌లోని ఆల్న్‌విక్ పట్టణంలో బార్టర్ బుక్స్ అనే పాత పుస్తకాల దుకాణంలో ఒక ప్రతి బయటపడ్డాకే అది లోకమంతా పాకింది. ఈరోజు కనబడేవన్నీ ఇంచుమించు పునర్ముద్రణలే. పోస్టర్ కొనేటప్పుడు చదునైన రంగు ప్రాంతాన్ని భూతద్దంతో చూడండి. నాలుగు రంగుల సన్నని చుక్కలు పూరేకుల్లా అల్లుకుని ఉంటే గట్టిగా అనుమానించాలి. మడత గీతలు కాగితం పీచును తెంచాయా, లేక మడత బొమ్మ కూడా ముద్రలో భాగమా అన్నది వేలితో తడిమితే తెలిసిపోతుంది.

హెల్మెట్‌కూ కాగితానికీ మధ్యలో నిలిచేవి రెండున్నాయి. ఫిరంగి గుండు ఇత్తడి తొడుగుల మీద చెక్కిన కళాఖండాల అడుగున తయారీ తేదీ ఉంటుంది. ఆ తేదీ తొడుగుది, చెక్కిన పనిది కాదు. కందకాల్లో సైనికులు, శిబిరాల్లో యుద్ధ ఖైదీలు చేసినవి ఉన్నాయి, యుద్ధం ముగిశాక రణక్షేత్రాలు చూడవచ్చిన వారికి అమ్మడానికి స్థానికులు చేసినవీ ఉన్నాయి. అన్నీ నిజమైనవే, కానీ కందకం ధర పెట్టి స్మారక దుకాణపు వస్తువు కొనుక్కోకూడదు. రెండోది 1914 క్రిస్మస్‌కు ప్రిన్సెస్ మేరీ పేరిట సైనికులకు పంచిన ఇత్తడి పెట్టె. మొత్తం 26 లక్షలకు పైగా పంచారు కనుక ఖాళీ పెట్టె సులభంగా దొరుకుతుంది, మొదటి కొనుగోలుకు చక్కగా సరిపోతుంది. పొగ తాగేవారికి పొగాకు, సిగరెట్లు, తాగనివారికి పెన్సిలు, పుల్లని చప్పరింపు బిళ్లలు, సిక్కు సైనికులకు కలకండ, సుగంధ ద్రవ్యాలు పెట్టారు. లోపలి సామానుతో సహా అమ్మేవాటికి ధర బాగా ఎక్కువ, ఆ సామాను ఆ పెట్టెదేనని నిరూపించే దారి మాత్రం చాలా తక్కువ.

ముట్టుకోకూడనివి

ఈ మాట గట్టిగా చెప్పాలి. గ్రెనేడు, ఫిరంగి గుండు, మందు ఉన్న తూటా ఏదైనా సరే, నిర్వీర్యం చేసినట్టు నిపుణుల ధ్రువీకరణ లేకుండా ఇంట్లోకి రానివ్వవద్దు. ఫ్రాన్స్, బెల్జియం పొలాల్లో మొదటి యుద్ధపు గుండ్లు నేటికీ ఏటా బయటపడుతున్నాయి, మనుషులను చంపుతున్నాయి. నూరేళ్లు గడిచాయన్నది భద్రతకు హామీ కాదు.

ఆనాటి గ్యాస్ మాస్కుల ఫిల్టర్లలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. పిల్లలకు తొడిగి ఫోటో తీయడం అస్సలు చేయకూడదు. మూసిన సంచిలో ఉంచి చూపించవచ్చు, తొడగకూడదు, ఊదకూడదు. చీకట్లో వెలిగే విమానపు గడియారాలు, దిక్సూచుల ముళ్ల మీద రేడియం రంగు ఉంటుంది. రేడియం-226 సగం తరగడానికి సుమారు 1600 సంవత్సరాలు పడుతుంది. వెలుగు ఆగిపోయిందంటే రంగులోని జింక్ సల్ఫైడ్ అరిగిపోయిందని అర్థం, రేడియో ధార్మికత అలాగే ఉంటుంది. అద్దం తెరవవద్దు, పగిలినది కొనవద్దు. ఇక కూలిన విమానం ముక్కలంటూ వచ్చే వాటి విషయంలో బ్రిటన్‌లో 1986 నాటి సైనిక అవశేషాల రక్షణ చట్టం ఉంది. అలాంటి చోట లైసెన్సు లేకుండా తవ్వడం నేరం, అనేకసార్లు అక్కడ మనుషుల అవశేషాలు ఇంకా ఉంటాయి.

బొమ్మలు: లోహాన్ని చూసి ఎంచుకోండి

సైనిక బొమ్మల ప్రపంచాన్ని దేశాలవారీగా కాక పదార్థాన్ని బట్టి చూస్తే ఎంపిక సులువవుతుంది. ఏది ఎంతకాలం నిలుస్తుంది, ఏది ఎలా చెడుతుంది, ఏ మోసానికి లొంగుతుంది అన్నది పదార్థమే నిర్ణయిస్తుంది.

పలచని తగరపు బొమ్మలు జర్మనీలోని న్యూరెంబర్గ్ సంప్రదాయం. 1848లో హైన్రిచ్‌సెన్ సంస్థ 30 మిల్లీమీటర్ల ఎత్తును ఖరారు చేశాక అదే ప్రమాణమైంది. చెక్కడపు పని చూడముచ్చటగా ఉంటుంది. కానీ పాత రాతి అచ్చుల నుంచి తరువాతి కాలంలోనూ పోస్తూ వచ్చారు కనుక ఒక బొమ్మ ఏ దశాబ్దానిదో చెప్పడం కష్టం. అందం కోసం కొనండి, వయసు కోసం వద్దు. పారిస్‌లోని మిన్యో, డ్రెస్డెన్‌లోని హైడె సంస్థల నిండు లోహపు సైనికులు బరువుగా, దర్జాగా ఉంటాయి. హైడె కర్మాగారం 1945 బాంబుదాడిలో నాశనమైంది.

బోలు సీసపు సైనికుల దగ్గర కాస్త ఆగాలి. 1893లో లండన్‌లో విలియం బ్రిటన్ జూనియర్ ఒక కొత్త పద్ధతి కనిపెట్టాడు. కరిగిన సీసపు మిశ్రమాన్ని అచ్చులో పోసి, అంచున పొర గట్టిపడగానే మిగిలింది బయటకు ఒంపేయడం. లోపల బోలు, బయట పూర్తి సైనికుడు. లోహం తగ్గింది, బరువు తగ్గింది, ధర తగ్గింది. ఆడుకునే రైలుతో పొత్తు కుదిరేలా 54 మిల్లీమీటర్ల ఎత్తు పెట్టుకున్నారు, ఈనాటికీ సేకరణలో అదే ప్రధాన కొలత. సీసపు రంగుల మీద నిబంధనలు బిగుస్తుండగా 1966లో ఆయన కుటుంబ పేరుతోనే ఉన్న బ్రిటన్స్ సంస్థ సీసపు బొమ్మలు ఆపేసింది. తొలికాలపు బొమ్మలకు పీఠం కింద కాగితపు చీటీ, తరువాతి వాటికి పీఠం కిందో గుర్రం పొట్ట కిందో పోతలోనే వచ్చిన సంస్థ పేరు ఉంటుంది. నా కొలబద్దతో చూస్తే బొమ్మల్లో వీటికే మొదటి స్థానం.

పరీక్ష ఇలా చేయండి. ముందు అరచేతిలో తూచండి. బోలు బొమ్మను అచ్చుగా వాడి నిండుగా పోసిన నకలు అనుమానం కలిగించేంత బరువుంటుంది, ముఖమూ గుండీలూ మొద్దుగా ఉంటాయి. తరువాత మెడ చూడండి. విరిగిన తలను ఆనాటి పిల్లలు అగ్గిపుల్ల గుచ్చి నిలబెట్టేవారు, ఇప్పటికీ అలాంటివి చాలా కనబడతాయి. కదిలే చేతి దగ్గర రంగు మిగతా ఒంటి రంగుతో కలుస్తోందా చూడండి. చివరికి రంగు: అరిగిన చోట్లు సహజంగా ముక్కు, భుజం, పీఠం అంచుల్లో ఉండాలి. గీతల మీదుగా కూడా మెరిసే రంగు పరచుకుని ఉంటే అది మళ్లీ వేసినది. ఆడి అరిగిన అసలు రంగు బొమ్మ, కొత్తగా తళతళలాడే బొమ్మ పక్కపక్కన ఉంటే, సంకోచం లేకుండా అరిగినదే తీసుకోండి. పిల్లల చేతులు తుడిచేసిన రంగు కూడా ఆ బొమ్మ చరిత్రే.

అమెరికాలో బార్‌క్లే, మనోయిల్ సంస్థలు చవక దుకాణాల్లో విడివిడిగా అమ్మిన సైనికులు వీటికన్నా పెద్దవి, సుమారు 8 సెంటీమీటర్లు. మొరటుగా ఉన్నా చలాకీ భంగిమలు: టైపు కొట్టేవాడు, పావురం వదిలేవాడు, వంట చేసేవాడు. కవాతు వరుసల కన్నా సైనిక జీవితం ఇష్టపడేవారికి ఇవి నచ్చుతాయి. యుద్ధానికి లోహం మళ్లడంతో 1942లో తయారీ ఆగింది కనుక యుద్ధపూర్వపువి, తరువాతివి విడదీయడం ఒక ఆసక్తికరమైన చదువు. బార్‌క్లే పాత సైనికులకు హెల్మెట్ విడి రేకు ముక్క, అది ఊడి పోయిందా, మార్చారా చూసుకోవాలి.

జర్మన్ హౌసర్ సంస్థ ఎలాస్టోలిన్, బ్రాండెన్‌బర్గ్‌లోని లినియోల్ బొమ్మలు రంపపు పొట్టు, జిగురు, చైనా మట్టి కలిపిన ముద్దతో తీగ చుట్టూ చేసినవి. ముఖకవళికలు అద్భుతం. తేమ తగిలితే లోపలి తీగ తుప్పుపట్టి ఉబ్బుతుంది, బొమ్మ కాళ్ల దగ్గర చీలుతుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉండే చోట నివసించేవారు వీటి జోలికి పోకపోవడం మంచిది. 1930లలో చేసిన వాటిలో నాజీ నాయకుల బొమ్మలూ ఉన్నాయి, ఐరన్ క్రాస్ గురించి అన్న మాటే వాటికీ వర్తిస్తుంది.

వాహనాలు కావాలంటే డింకీ టాయ్స్ తప్పక ఎదురవుతాయి. లివర్‌పూల్‌లోని మెక్కానో సంస్థ జింకు మిశ్రమంతో చేసినవి ఇవి. యుద్ధానికి ముందువాటికి నయంకాని తెగులు ఒకటుంది. జింకులో సీసం లాంటి మలినాలు కలిస్తే లోహం లోలోపల చిట్లి, సన్నని పగుళ్లు వచ్చి, చివరికి రొట్టెలా పొడైపోతుంది. జిగురు, రంగు, మందు ఏదీ దాన్ని ఆపలేదు. 1937లో వచ్చిన రాయల్ ట్యాంక్ కోర్ సెట్టు చూడడానికి ఎంత ముచ్చటేసినా, పగులు ఉందేమో భూతద్దంతో చూడకుండా డబ్బు తీయవద్దు. చక్రపు మధ్యభాగం నున్నగా ఉంటే యుద్ధపూర్వపుదని, గట్టు తేలి ఉంటే తరువాతిదని సాధారణంగా గుర్తిస్తారు. నన్నడిగితే కొత్తవారు నేరుగా 1950ల ఆకుపచ్చ సైనిక వాహనాల దగ్గరికి వెళ్లాలి. 1954లో వచ్చిన 651 సంఖ్య సెంచూరియన్ ట్యాంకు గట్టిది, సంస్థ పేరు అడుగునే ఉంటుంది, ఎక్కువ సంఖ్యలో తయారైంది కనుక దొరుకుతుంది.

రేకు బొమ్మల్లో దేశపు ముద్ర ఒక కేలండరు పని చేస్తుంది. "మేడ్ ఇన్ ఆక్యుపైడ్ జపాన్" అని ఉంటే రెండో యుద్ధం తరువాత, 1952లో జపాన్ మీద మిత్రదేశాల ఆక్రమణ ముగిసేలోపు చేసినది. "యూఎస్ జోన్ జర్మనీ" (జర్మనీలో అమెరికా అదుపులో ఉన్న భాగం) అని ఉంటే యుద్ధం ముగిసిన వెంటనే వచ్చిన కొద్ది సంవత్సరాలది. ఇంత చిన్న అక్షరాల్లో ఇంత కచ్చితమైన కాలాన్ని చెప్పే వస్తువులు అరుదు. అటువంటి బొమ్మకు తాళంచెవి, స్ప్రింగు పనిచేస్తున్నాయా అన్నది ఆ తరువాతి సంగతి.

ప్లాస్టిక్‌ను చిన్నచూపు చూడవలసిన పనిలేదు. అమెరికాలో బెర్గెన్ సంస్థ 1938లోనే ప్లాస్టిక్ సైనికులను అమ్మింది. బ్రిటన్‌కు చెందిన ఎయిర్‌ఫిక్స్ సంస్థ చిన్న సైనికులు 1959లో మొదలయ్యాయి. ఖర్చు బాగా తక్కువ, పెద్ద దళాలు కూర్చవచ్చు. ఒకే అచ్చుతో దశాబ్దాల పాటు పోసిన వాటికి వయసు చెప్పేది పెట్టె ఒక్కటే, అందుకే పెట్టె లేకుండా పాతదని అమ్మితే నమ్మవద్దు. మెత్తటి ప్లాస్టిక్ కాలక్రమంలో పెళుసుబారుతుంది, తుపాకీ గొట్టాన్ని వంచి చూడవద్దు. చేతులూ తలలూ మార్చుకునేలా చేసిన బ్రిటన్స్ స్వాపెట్ల విషయంలో భాగాలన్నీ ఒకే సైనికుడివేనా అని పటాలతో పోల్చుకోవాలి.

1964లో వచ్చిన జీ.ఐ. జో, 1966లో బ్రిటన్‌లో పాలిటాయ్ సంస్థ తెచ్చిన యాక్షన్ మ్యాన్, దుస్తులూ సామానూ మార్చగలిగే పెద్ద సైనిక బొమ్మలు, ఇంకో లోకం. జీ.ఐ. జో కుడిచేతి బొటనవేలి గోరును తిరగేసి పెట్టారు, కాపీ కొట్టినవారు దొరికిపోవడానికి అది ఆనవాలు. వెనుక భాగంలో పేటెంటు సంఖ్య ఉంటే 1966 తరువాతిది, ఎందుకంటే పేటెంటు మంజూరైంది ఆ ఏడాదే. ఈ రకంలో విలువంతా బూట్లు, టోపీ, చిన్న రేడియో లాంటి సామానులో ఉంటుంది. నకళ్లూ వాటికే. బొమ్మకన్నా సామాను మీదే ఎక్కువసేపు చూపు నిలపండి.

ఎవరికి ఏది

చరిత్ర చదవడం ఇష్టమై, ఒక మనిషి జీవితం వెంట పడాలనుకునేవారికి పేరున్న మొదటి యుద్ధపు పతకం, లేదా ఒకే సైనికుడి ఉత్తరాల కట్ట. చేతిపని, రంగు, రూపం మీద మమకారమున్నవారికి బోలు సీసపు సైనికులు, అదీ ఒకే రెజిమెంటు లేదా ఒకే దశాబ్దం. చిన్నపిల్లలున్న ఇంట్లో సీసం వద్దు, 1950ల వాహనాలను కూడా అద్దం వెనుకే పెట్టాలి, ఆనాటి రంగుల్లోనూ సీసం ఉండేది. బడ్జెట్ బాగా తక్కువైతే కాగితం, లేదా పెట్టెతో సహా ఎయిర్‌ఫిక్స్. గుర్తులున్న హెల్మెట్లు, జర్మన్ బ్యాడ్జీలు, సామాను నిండిన 1914 పెట్టెలు ముందే మొదలుపెట్టవలసినవి కావు. చేతికి కొన్ని వందల నిజమైన వస్తువులు తగిలాక, అప్పుడు ఆలోచించవచ్చు.

కొనే చోటు విషయానికొస్తే, తిరిగి తీసుకుంటామని రాతపూర్వకంగా చెప్పే వేలం సంస్థ, ముఖాముఖి చూడగలిగే సేకరణకర్తల సంత, ఆన్‌లైన్, ఈ వరుసలో నా ఇష్టం తగ్గుతుంది. ఆన్‌లైన్‌లో కొనవలసి వస్తే అడుగుభాగం, అంచు, లోపలి వైపు, అతుకులు కనబడే ఫోటోలు అడగండి. ముందువైపు ఫోటోలే పంపి కథలు ఎక్కువగా చెప్పేవారిని వదిలేయండి.

ఇంటికి వచ్చాక

సీసపు బొమ్మలను ఓక్ చెక్క అల్మారాలోనో, చెక్కపొడి పలకల అల్మారాలోనో పెట్టవద్దు. ఆ చెక్కల నుంచి వెలువడే ఆమ్లపు ఆవిర్లు సీసాన్ని తెల్లటి పొడిగా మార్చేస్తాయి, అది విషపూరితం కూడా. లోహపు చట్రం, అద్దం ఉన్న అల్మారా మంచిది. బొమ్మలు ముట్టుకున్నాక చేతులు కడుక్కోవాలి. పతకాలకు పాలిష్ పెట్టవద్దు, ప్రతి తోముడుకీ అంచు మీది అక్షరం కొంత పోతుంది. ఉత్తరాలను పీవీసీ కవర్లలో కాక ఆమ్లరహిత కాగితం లేదా పాలిస్టర్ కవర్లలో, వెలుతురు తగలని చోట దాచండి. స్టేపుల్ పిన్నులు, రబ్బరు బ్యాండ్లు ముందే తీసేయాలి, తుప్పు మరక ఒకసారి దిగితే పోదు.

ప్రతి వస్తువుకూ ఒక కార్డు రాసుకోండి. ఒకవైపు వస్తువు మీద మీరు స్వయంగా చూసినవి: ముద్ర, కొలత, బరువు, లోపాలు. రెండోవైపు అమ్మినవారు చెప్పినవి, వారు చెప్పినట్టే, తేదీ వేసి. ఈ రెండు వైపులనూ ఎన్నడూ కలపవద్దు. ఏదో ఒక దస్త్రం దొరికి రెండోవైపు మాట రుజువైన రోజున మాత్రమే దాన్ని మొదటివైపుకు మార్చి, ఆ దస్త్రం సంఖ్యను పక్కన రాయండి.